అడిగిన రేటంతా విలువేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో రైలుబొమ్మల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అది అచ్చయి చాలా రోజులే అయింది. తెలిసినవాళ్ళెవరైనా రాస్తారేమో, మీరే ఒక సవరణ వేస్తారేమో అని ఆగాను. రెండూ జరగలేదు. పైగా ఆ పేజీని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిప్పుతూనే ఉన్నారు. అటక మీద పాత రైలుబొమ్మ దొరికితే లక్షలు వచ్చిపడతాయన్న అర్థంలో హెడ్డింగ్ పెట్టారు కదా, దాని పుణ్యమా అని మా కాలనీలో నాకు కొత్త గౌరవం వచ్చింది. "బాబాయ్, మీ దగ్గర అలాంటివి చాలా ఉన్నాయట, ఎప్పుడు అమ్ముతున్నారు?" అని పాలవాడితో మొదలుపెట్టి అందరూ అడుగుతున్నారు.

డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. మోడల్ రైళ్ళు కొనడం, పాడైతే విప్పి బాగుచేసుకోవడం, పట్టాలు పరిచి నడపడం చాలా ఏళ్ళుగా నాకున్న పిచ్చి. ఆ పిచ్చితోనే ఇలాంటి బొమ్మలు అమ్మే వేలం సైట్లు రోజూ చూస్తాను. అందుకే మీ వ్యాసం చదివితే ఒళ్ళు మండింది.

మీ విలేకరి చేసిన పని ఏమిటంటే, సైట్ తెరిచి, అమ్మేవాళ్ళు పెట్టుకున్న రేట్లు చూసి, వాటిని రూపాయల్లోకి మార్చి, "విలువ" అని రాసేశారు. అమ్మేవాడు ఎంతైనా అడుగుతాడు. అడగడానికి అడ్డేముంది? అదే బొమ్మ అదే రేటుతో ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉందన్న సంగతి ఎవరు చూడాలి? ఈబే లాంటి సైట్లలో అమ్ముడుపోయినవాటిని మాత్రమే చూపించే ఏర్పాటు ఉంది. ఒక్క టిక్కు పెడితే చాలు, ఏ ఇంజన్ ఎప్పుడు ఎంతకి పోయిందో వరసగా కనిపిస్తుంది. ఆ టిక్కు పెట్టి ఉంటే మీ వ్యాసంలో సగం అంకెలు మిగిలేవి కావు. అప్పుడప్పుడు ఏదో ఒక బొమ్మకి పెద్ద పాట పలికే మాట నిజమే. బాలాపూర్ లడ్డూ కూడా 2024లో 30 లక్షలు దాటి పలికింది. ఆ లెక్కన మా వీధి చివర స్వీటు షాపులో లడ్డూ విలువ ఇంతని మీరు వ్యాసం రాస్తారా?

ఇక "రేర్" అన్న మాట. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన కంపెనీ 1920లో రైలుబొమ్మలు చేయడం మొదలుపెట్టింది. మధ్యతరగతి పిల్లలు ఆడుకోవడానికని కుప్పలుతెప్పలుగా తయారైన సరుకు అది. అక్కడ పాత సామాన్ల సంతల్లో అట్టపెట్టెల్లో పోసి అమ్మే వ్యాగన్లు మన కంప్యూటర్ తెర మీదికి వచ్చేసరికి "రేర్", "వెరీ రేర్", "ఎక్స్‌ట్రీమ్లీ రేర్". ఒకే పేజీలో అదే వ్యాగన్‌ని నలుగురు అమ్ముతుంటారు, నలుగురిదీ రేరే. కంపెనీలు కూడా తక్కువ తినలేదు. రంగు మార్చి, ఇంజన్ మీద నంబరు మార్చి, "లిమిటెడ్ ఎడిషన్" అని ఒక సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. కొన్నవాడు దాన్ని పట్టాలెక్కించడు. పెట్టె విప్పితే రేటు పడిపోతుందట! నడవని రైలుకి అంత ఖరీదు ఎందుకో, ఇంజన్లు నడిచేలా చూడటానికే జీతం తీసుకున్న నాకు బొత్తిగా అర్థం కాదు.

అన్నిటికంటే నాకు మంట పుట్టించేది "అన్‌టెస్టెడ్". పని చేస్తుందో లేదో చూడలేదు, నడిపి చూసే సామాను మా దగ్గర లేదు అని అమాయకంగా రాస్తారు. ఓఓ, హెచ్‌ఓ అనే సైజుల్లో వచ్చే మామూలు బొమ్మ ఇంజన్ 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు కట్టి, రెండు వైపుల చక్రాలకి తగిలిస్తే అర నిమిషంలో తేలిపోతుంది. వేల రూపాయలు అడిగేవాడికి ఒక బ్యాటరీ కొనే స్తోమత లేదా? చూశాడు, నడవలేదు, అందుకే చూడలేదని రాశాడు. ఇంకొందరు మార్క్‌లిన్ అనే జర్మన్ కంపెనీ ఇంజన్లని "ఏ పట్టాల మీదైనా నడుస్తుంది" అని అంటగడతారు. వాళ్ళ హెచ్‌ఓ పద్ధతే వేరు, పట్టాల నడి మధ్యనుంచి కరెంటు తీసుకునే ఏసీ పద్ధతి. తెలియక కొన్న పిల్లాడు మామూలు పట్టాల మీద పెట్టి, కదలకపోతే తన తప్పే అనుకుంటాడు.

పాతదైతే చాలు బంగారం అన్నట్టు రాశారు మీరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన చాలా బొమ్మల్లో జింక్ మిశ్రమం వాడారు. అందులో సీసం లాంటి మలినాలు కలిసిన పోతలు ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, పగుళ్ళిచ్చి, చివరికి చేతిలో పొడైపోతాయి. 1938లో వచ్చిన హార్న్‌బీ వాళ్ళ డబ్లో రకం రైళ్ళ తొలినాటి సరుక్కి కూడా ఈ రోగం ఉంది. ఫొటోలో మాత్రం తళతళలాడుతుంది. మీ మాట నమ్మి అప్పు చేసి కొన్నవాడికి ఆ పొడి మీరు తూకం వేసి కొంటారా?

మీరు పెద్ద ఫొటో వేసిన ఆ "ఇండియన్ రైల్వేస్ ఒరిజినల్ స్కేల్ మోడల్" సంగతి కూడా చెప్పాలి. అది ఆల్కో అనే అమెరికన్ కంపెనీ ఇంజన్ బొమ్మకి మన రంగు పూసింది. మన రైల్వే డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో డిజైనే కాబట్టి దూరం నుంచి పోలిక ఉంటుంది, కాదనను. కానీ మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ అంటే అసలు రైల్లో 87వ వంతు. భాగిస్తే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన రావాలి. ఆ బొమ్మ నిలబడిందేమో 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద, అంటే యూరప్, అమెరికాల గేజ్ లెక్క. హైస్కూలు పిల్లాడు చేసే భాగహారం ఇది. రంగు డబ్బా ఖర్చు పోను మిగతా పెంపంతా దేనికి? పక్కన ఐఆర్ అని అక్షరాలు అతికించినందుకా?

వేలంలో పాడే దొంగ పాటల గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అమ్మేవాడే ఇంకో పేరుతోనో, బావమరిది చేతనో పాట పెంచుకుంటూ పోతాడు. బ్రిటన్‌లో ఇలా తన సరుకుకి తనే పాట పాడుకున్న ఒకతనికి 2010లో బ్రాడ్‌ఫోర్డ్ కోర్టు జరిమానా వేసి, సమాజ సేవ కూడా చేయమంది. మన దగ్గర ఎవరికి చెప్పుకోవాలి? పెట్టెతో సహా ఒరిజినల్ అని చెప్పిన ఇంజన్ నాకు వచ్చినప్పుడు, పెట్టె కలర్ జిరాక్స్ అని తేలింది. సైట్‌కి ఫిర్యాదు పెట్టాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందిందని నిమిషంలోనే చెప్పారు, అది కంప్యూటర్ చెప్పే మాట. ఆ తర్వాత అమ్మినవాడితోనే మాట్లాడుకోమన్నారు. ఆ మహానుభావుడు ఖాతా పేరు మార్చి, అదే ఫొటోతో మళ్ళీ కొట్టు తెరిచాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడివాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, "బొమ్మ కోసం వచ్చారా సార్?" అన్నారు.

ప్రభుత్వం వారి వాటా కూడా ఇందులో ఉంది. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. చైనా ప్లాస్టిక్ చెత్తని ఆపడానికి అన్నారు, మంచిదే. కానీ స్కేల్ మోడల్ రైళ్ళు కూడా ఆ పద్దులోకే వస్తాయి. ఇక్కడ వాటిని చేసే పెద్ద కంపెనీ లేదు, బయటినుంచి తెచ్చుకుంటే సుంకం. ఈబే ఇండియా 2018లోనే మూతపడింది. ఇక మిగిలిందెవరు? సరుకు ఎలాగో తెప్పించి, సుంకం సాకు చెప్పి, మూడింతలకి అమ్మే మధ్యవాళ్ళు. వాళ్ళకి మీ వ్యాసం ఉచిత ప్రకటన. అది వచ్చాక కొందరు ఆ పేజీ ఫొటోని తమ సరుకు పక్కనే పెట్టి రేట్లు ఇంకా పెంచారు, నేను కళ్ళారా చూశాను.

ఇది ఒక్క రైలుబొమ్మలతో పోయే జబ్బు కూడా కాదు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు మీ దగ్గరుంటే మీరే లక్షాధికారి అని మన తెలుగు సైట్లన్నీ, మీదీ కలిపి, నెలకోసారి రాస్తూనే ఉంటాయి. పాత నోట్లు, నాణేల పేరుతో మోసాలు జరుగుతున్నాయని 2021లో సాక్షాత్తు రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. ఆ హెచ్చరిక వేశారు, మళ్ళీ నోటు కథా వేశారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు. ఒకప్పుడు సబ్ఎడిటర్ అనేవాడు ఉండేవాడు, అంకె కనిపిస్తే ఎక్కడిదని విలేకరిని అడిగేవాడు.

నిజంగా రైళ్ళ మీద రాయాలనుకుంటే రాయడానికి బోలెడుంది. పుణేలో భావూసాహెబ్ జోషి అనే ఆయన సొంతంగా కూడబెట్టిన మోడల్ రైళ్ళతో 1998లో మ్యూజియం తెరిచారు, పిల్లల ముందు రైళ్ళు నడుస్తాయక్కడ. సికింద్రాబాద్–వాడి లైను 1874 నాటిది, అంత చరిత్ర ఉన్నా మనకి అలాంటి ఆలోచనే రాలేదు. మా ఊళ్ళో 2019లో ప్రకటించిన రైల్వే జోన్ ఆఫీసుకి శంకుస్థాపన 2025లో అయింది, కాబట్టి మోడల్ రైళ్ళ గది అడిగితే నా మనవడు రిటైరయ్యేలోపు ఇస్తారేమో.

ప్రస్తుతానికి నేను అడిగేది చిన్నది. అవి అమ్మేవాళ్ళు అడుగుతున్న రేట్లే తప్ప అమ్ముడుపోయిన రేట్లు కావని ఒక వివరణ వేయండి. అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. లోపల ఎక్కడో మార్కెట్ యార్డు ధరల కింద ఇరికించొద్దు.

విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కంచరపాలెం, విశాఖపట్నం