ఆటోలకు పగటి ఛార్జింగ్ కావాలి

సంపాదకునికి,

విద్యుత్ ఆటోలు పెరగడం సంతోషమే గాని, అవి ఏ వేళలో ఛార్జింగ్ అవుతున్నాయన్నది ఎవరికీ పట్టినట్టు లేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సౌర పార్కు వంటివి మిట్టమధ్యాహ్నం నిండుగా విద్యుత్తునిస్తుంటే, పగలంతా తిరిగిన డ్రైవరు రాత్రి ఇంటికొచ్చి ప్లగ్గు పెడతాడు. అప్పుడందేది చాలావరకు బొగ్గు కరెంటే. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఛార్జింగ్ స్టేషన్లకు ధర తగ్గించాలని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ తగ్గింపు స్టేషన్ యజమాని బిల్లుతో ఆగిపోకుండా డ్రైవరు దాకా చేరాలి. ఆటో స్టాండులోనే సాకెట్టు, దానిపై నీడ ఉండాలి.

నీడ ఊరికే అడగడం లేదు. మే నెల ఎండలో నిలిపిన బండి సీటు కింద బ్యాటరీ పెట్టెను తాకితే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడి మీదే ఛార్జింగ్ పెడితే లిథియం బ్యాటరీ ఆయుష్షు తరుగుతుందని, కాసేపు చల్లారనివ్వాలని అమ్మేటప్పుడు చెప్పే డీలర్లు నాకైతే తారసపడలేదు. అప్పు వాయిదాలు తీరకముందే బ్యాటరీ చతికిలబడితే నష్టమంతా డ్రైవరుదే.

పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారులపై పెట్టాయి. ఎక్కడ అప్పగించాలో బ్యాటరీ మీదే తెలుగులో ముద్రించేలా ప్రభుత్వం ఆదేశించాలి.

- ఒక పాఠకుడు, కర్నూలు