ఫెల్ట్ టోపీ ఉన్నిదో, కుందేలు బొచ్చుదో రాసి అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చలికాలపు దుస్తుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫెల్ట్ టోపీ కొనదలచినవారు ఉన్నితో చేసినదాని జోలికి పోకుండా, ఖరీదెక్కువైనా ఫర్ ఫెల్ట్, అంటే కుందేలు వంటి జంతువుల బొచ్చుతో చేసిన టోపీయే తీసుకోవాలని అందులో ఒక సలహా ఉంది. నేను ద్వారకానగర్ ప్రాంతంలో చాలాకాలంగా డ్రై క్లీనింగ్ దుకాణం నడుపుతున్నాను. ఈ రెండు రకాల టోపీలూ పాడయ్యాకే నా చేతికి వస్తుంటాయి కాబట్టి, ఏది ఎందుకు పాడవుతుందో కొంత తెలుసు. ఆ సలహా సగమే నిజం. విశాఖపట్నంలో ఉండేవారికి ఏ టోపీ తగినదన్నది దాన్ని ఎక్కడ, ఎంతకాలం పెట్టుకుంటారన్నదాన్ని బట్టి మారుతుంది. అంతకన్నా ముందు, మన దుకాణాల్లో అమ్ముతున్న టోపీ ఈ రెండింటిలో ఏదో కొనేవారికి తెలిసే దారే ఉండడం లేదు. నా అసలు బాధ అది.

ఫెల్ట్ అంటే మగ్గం మీద నేసిన బట్ట కాదు. జంతువుల వెంట్రుక మీద కంటికి కనిపించనంత సన్నని పొలుసులుంటాయి. వేడి, తడి తగిలేలా నలిపి ఒత్తినప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మళ్ళీ విడదీయడానికి వీల్లేని దళసరి పొరగా బిగుసుకుంటాయి. ఉన్ని స్వెట్టర్‌ను పొరపాటున వేడినీళ్ళలో ఉతికిన ఇంట్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. గొర్రె ఉన్నితో పోలిస్తే కుందేలు, నీటి ఒడ్డున బతికే బీవర్ వంటి జంతువుల పైవెంట్రుకల అడుగున ఉండే లోబొచ్చు చాలా సన్నం. పోగు ఎంత సన్నమైతే అల్లిక అంత దగ్గరగా పడుతుంది. అందుకే ఫర్ ఫెల్ట్ పలచగా ఉండి కూడా బలంగా ఉంటుంది, చినుకుపడితే నీరు తొందరగా లోపలికి దిగదు, నలిగినా చేతితో సర్దితే తిరిగి రూపానికి వస్తుంది. దాని తయారీలో శ్రమ కూడా ఎక్కువే. చిల్లులున్న పెద్ద శంకువు మీదికి బొచ్చును గాలితో పీల్చి, వేడినీళ్ళు చల్లి పొరగా నిలబెట్టి, ఆ తర్వాత చుట్టడం, నలపడం పదేపదే చేస్తూ మొదటి కొలతలో సగానికన్నా తక్కువకు కుదిస్తారు. చివర ఉప్పుకాగితంతో రుద్ది నునుపు తెస్తారు. ఇటలీలో 1857లో మొదలైన బోర్సలినో, అమెరికాలో 1865లో మొదలైన స్టెట్సన్, ఆస్ట్రేలియాలో కుందేలు బొచ్చుతో టోపీలు చేసే అకూబ్రా పేరు తెచ్చుకున్నది ఈ ఫర్ ఫెల్ట్‌తోనే. అయితే స్టెట్సన్ పేరు మీద ఉన్ని టోపీలూ అమ్ముతారు కాబట్టి, కంపెనీ పేరు చూసి రకం ఏదో నిర్ణయించుకోకూడదు.

ఉన్ని టోపీలో ఉన్న బలహీనత చాలావరకు ఉన్నిది కాదు, గంజిది. చౌకగా చేసిన ఉన్ని ఫెల్ట్ వదులుగా ఉంటుంది. అది తనంతట తాను నిలబడలేదు కాబట్టి లక్కతోనో జిగురుతోనో గంజి పెట్టినట్టు గట్టిపరిచి అచ్చుకు ఎక్కిస్తారు. దుకాణంలో అద్దాల వెనక ఉన్నంతసేపూ దానికి ఏ లోటూ కనిపించదు. పోయిన వానాకాలంలో ఒక యువకుడు తెచ్చిన టోపీ ఇప్పటికీ కళ్ళముందు ఉంది. రుషికొండ తీరంలో పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకుంటుండగా జల్లు పడిందట. అంచు మూడుచోట్ల అలలా కిందికి జారిపోయింది. చుట్టూ ఉన్న రిబ్బను రంగు దిగి బూడిదరంగు ఫెల్ట్ మీద ముదురు ఎరుపు చారలు కట్టాయి. అంచును బొటనవేలితో నొక్కితే వేలు అంటుకుంది, గంజి అంతా కరిగి పైకి వచ్చింది. ఆవిరి పట్టి అంచును సరిచేయగలిగాను గాని, పైభాగం కుదించుకుపోయి టోపీ ఆ అబ్బాయి తలకు పట్టలేదు. లోపలి చెమట పట్టీ మీద ‘ప్యూర్ ఫెల్ట్’ అని, ధర అని తప్ప ఇంకేమీ లేదు. నగరంలోని ఒక దుకాణంలో దాన్ని అసలైన ఫర్ టోపీ అని చెప్పి, ఆ ధరకే అమ్మారు.

అంతమాత్రాన ఉన్ని టోపీని తీసిపారేయడం న్యాయం కాదు. మన రాయలసీమలో, తెలంగాణలో గొర్రెల కాపరులు దక్కనీ గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగళి కప్పుకునే వానలో మందలు కాస్తారు. ఉన్నికి వాన గిట్టదన్నమాట నిజం కాదు, పని ఎంత శ్రద్ధగా చేశారన్నదాని మీద ఉంటుంది. దళసరిగా, బిగువుగా ఒత్తి, గంజి తక్కువ వాడిన ఉన్ని ఫెల్ట్ టోపీ నాసిరకం ఫర్ టోపీకన్నా ఎక్కువకాలం రావడం నేను చూశాను. డిసెంబరు, జనవరిలో లంబసింగికో అరకుకో నాలుగురోజులు వెళ్ళివచ్చేవారికి, మంచు పడే తెల్లవారుజామున చెవుల దాకా వెచ్చగా ఉంటే చాలనుకునేవారికి, రెండేళ్ళలో తల పెరిగిపోయే పిల్లలకు, ఫోటోల కోసం ఒక పూట పెట్టుకునేవారికి ఉన్ని టోపీ చక్కగా సరిపోతుంది. వందల్లోనో, ఒకటి రెండు వేలలోనో దొరికే వస్తువు స్థానంలో పదివేలు దాటేది కొనమని చెప్పడం వారికి మేలు చేసే సలహా కాదు. కెనడాకో బ్రిటన్‌కో చదువుకు వెళ్ళి వానలో, మంచులో రోజూ తిరగవలసిన మన పిల్లలకు, తీరంలోనూ కొండల్లోనూ ఏళ్ళ తరబడి ఒకే టోపీతో పనిచేసేవారికి మాత్రం ఫర్ ఫెల్ట్ పెట్టిన డబ్బుకు తగిన ఫలితమిస్తుంది. ఇక మన వేసవిలో ఉక్కపోతకు ఈ రెండూ పనికిరావు. ఇంగ్లీషువాళ్ళు కూడా ఇక్కడి ఎండకు ఫెల్ట్‌ను పక్కనపెట్టి జీలుగు బెండుతో చేసిన తేలికైన టోపీలు పెట్టుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో బీచ్ రోడ్డు మీద నడిచేవారికి నూలు టోపీయో తాటాకు టోపీయో మేలు.

మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని విషయం మన ఊరి గాలి. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం తేమ గాలిలోనే బతుకుతాం, పైగా నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ మనల్ని తడుపుతాయి. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఫర్ టోపీకి ఈ తేమ నుంచి మినహాయింపు లేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇనుప బీరువాలో దాచిన టోపీ జులై నుంచి అక్టోబరు మధ్యలో బూజు పట్టి నా దగ్గరికి వస్తుంది. పురుగు కూడా రెండింటినీ ఒకేలా తింటుంది, ఎందుకంటే ఉన్నిలోనూ బొచ్చులోనూ ఉన్నది ఒకే జాతి మాంసకృత్తి. గాలి ఆడే అట్టపెట్టెలో, తలకిందులుగా, అంటే అంచు మీద కాక పైభాగం మీద ఆనించి ఉంచాలి. పక్కన కలరా ఉండలు గుడ్డలో కట్టి పెట్టాలి గాని, టోపీకి తగలనీయకూడదు. తడిసిన టోపీని ఎండలోనో హెయిర్ డ్రయ్యర్ ముందో పెడితే రెండు రకాలూ కుదించుకుపోతాయి. చెమట పట్టీని బయటికి మడిచి, నీడలో, ఫ్యాను గాలికి నెమ్మదిగా ఆరనివ్వడమే మంచిది. పైభాగం ముందువైపు రెండు వేళ్ళతో గిల్లి పట్టుకుని తీసే అలవాటు మానుకోవాలి, ఎంత మంచి ఫర్ టోపీ అయినా ముందు చిరుగుపట్టేది అక్కడే.

దుకాణంలో రకం తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ఫర్ ఫెల్ట్ చేతికి నున్నగా, మెత్తగా తగులుతుంది, అంచును వంచితే ఇబ్బంది లేకుండా వంగి వెనక్కి వస్తుంది. చౌక ఉన్ని ఫెల్ట్ కాస్త గరుకుగా, అట్టముక్కలా బిర్రుగా ఉంటుంది. ఒక నీటి చుక్క వేస్తే మంచి ఫర్ మీద అది కాసేపు గుండ్రంగా నిలుస్తుంది. కొందరు పోగు తీసి కాల్చి చూపిస్తారు, దాన్ని నమ్మవద్దు. ఉన్ని కాలినా బొచ్చు కాలినా ఒకే వెంట్రుకల కమురు వాసన వస్తుంది కాబట్టి, కరిగి గట్టి ఉండ కట్టే పాలిస్టర్‌ను పట్టుకోవడానికి తప్ప ఆ పరీక్ష దేనికీ పనికిరాదు. పాలిస్టర్‌ను కూడా ఫెల్ట్ అనే అమ్ముతున్నారని ఇక్కడే చెప్పాలి. విదేశీ టోపీల లోపల కనిపించే ఎక్స్ గుర్తుల సంఖ్యను చూసి నాణ్యతను లెక్కగట్టడం కూడా సరికాదు, కంపెనీలన్నిటికీ కలిపి దానికి ఒక ప్రమాణం లేదు, ఎవరి లెక్క వారిది.

ఈ గుర్తులన్నీ నాలాంటివాడికి పనికొస్తాయి గాని, మొదటిసారి టోపీ చేతపట్టినవారి నుంచి ఇంత పరిజ్ఞానం ఆశించడం అన్యాయం. పైగా ఇది ఒక్క నాణ్యతకు సంబంధించిన విషయం కాదు. గొర్రె ఉన్ని కత్తిరిస్తే గొర్రె మిగులుతుంది, ఫర్ ఫెల్ట్‌కు కావలసిన బొచ్చు మాత్రం చంపిన జంతువు తోలు నుంచి వస్తుంది. తోలు చెప్పులు కూడా తొడగని ఒక పెద్దాయన, కొడుకు విదేశం నుంచి పంపిన టోపీని శుభ్రం చేయమని ఇచ్చినప్పుడు, అది కుందేలు బొచ్చుదని నా నోట విని చాలాసేపు మాట్లాడలేకపోయారు. మన దేశం 2017లో మింక్, నక్క, చిన్చిల్లా బొచ్చుల దిగుమతిని నిషేధించింది గాని, కుందేలు ఆ జాబితాలో లేదు. కొనడం కొనకపోవడం ఎవరి మనస్సాక్షికి వారు చెప్పుకోవలసిన జవాబు. కాని ఆ జవాబు చెప్పుకోవాలంటే ముందు ఆ టోపీ దేనితో చేశారో తెలియాలి కదా.

ఫర్ టోపీల్లో విషముంటుందన్న భయం మీద ఒక్కమాట. ఒకప్పుడు కుందేలు బొచ్చు తొందరగా అల్లుకోవాలని పాదరస నైట్రేట్ పట్టించేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులు చేతులు వణికే జబ్బుతో, మతిస్థిమితం తప్పి నానా బాధలూ పడ్డారు. అమెరికాలో 1941లో ఆ వాడకం ఆగిపోయింది, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి వచ్చాయి. అందువల్ల కొత్త టోపీకి భయపడనవసరం లేదు. తాతల కాలం నాటి ఇంగ్లీషు ఫెల్ట్ టోపీ ట్రంకుపెట్టెలో దొరికితే మాత్రం దానికి ఆవిరి పట్టవద్దు, పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వవద్దు. వేడికి పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది.

తూనికలు, కొలతల శాఖ అమలుచేసే 2011 నాటి ప్యాకేజీ నిబంధనల ప్రకారం వస్తువు సాధారణ నామం, తయారీదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, దిగుమతి అయితే దేశం పేరు పొట్లం మీద ఉండాలి. ‘ఫెల్ట్ టోపీ’ అని రాసి ఊరుకుంటే నామం చెప్పినట్టే అవుతుంది, కొనేవారికి కావలసింది మాత్రం తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, స్వచ్ఛత, ధర తెలుసుకోవడాన్ని హక్కుగా గుర్తించింది. ఆ హక్కుకు అర్థముండాలంటే చెమట పట్టీ మీద నూటికి ఎంత ఉన్ని, ఎంత బొచ్చు, ఏ జంతువుది అన్న ఒక్క వరుస చేరాలి. ఈ ఒక్క వరుస అడిగి రాయించే బాధ్యతను జగదాంబ కూడలి, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వర్తకులు తమంతట తామే తీసుకోవచ్చు, సంబంధిత అధికారులూ తనిఖీల్లో అడగవచ్చు. ఈలోగా కొనేవారు బిల్లు మీద ‘ఉన్ని’ అనో ‘కుందేలు బొచ్చు’ అనో దుకాణదారు చేత రాయించుకోవాలి. అలా రాసిచ్చిన తర్వాత వస్తువు వేరని తేలితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫిర్యాదు చేయడానికి ఆ కాగితమే ఆధారమవుతుంది, రాయడానికి ఒప్పుకోని చోట ఫర్ ధర చెల్లించనవసరం లేదు.

ఇట్లు,
ఒక డ్రై క్లీనింగ్ దుకాణదారు,
ద్వారకానగర్, విశాఖపట్నం