నెత్తిన చేయి పెట్టించిన వారికి కృతజ్ఞతలు

సంక్రాంతి సెలవులకు వరంగల్ నుంచి వచ్చిన మా మనవడినీ నన్నూ, భోగి నాటి ఉదయం మా కాలనీ వెనుక ఉన్న గోల్ఫ్ మైదానంలో పెద్ద ప్రమాదం నుంచి కాపాడిన నలుగురికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఎడమ చేతికి కట్టు ఉంది, ఒంటి చేత్తో టైపు చేయడం నాకు రాదు, కనుక నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తున్నది. ఆ నలుగురిలో ఇద్దరు తమ పేర్లు రాయవద్దన్నారు, తక్కిన ఇద్దరివి అడగకుండా రాయడం మర్యాద కాదు. మైదానం పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే జరిగినదానిలో తప్పు నాది.

మా కాలనీకీ ఆ మైదానానికీ మధ్య ఉన్న ప్రహరీ ఒకచోట కూలిపోయి చాలా కాలమైంది. ఆ సందులోంచి లోపలికి దూరి బండరాళ్ల పక్కనున్న కాలిబాట పట్టుకుంటే, బస్టాపుకు పదిహేను నిమిషాలు పట్టే నడక ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. అందుకని మేకలు తోలుకునేవారు, పనికి పోయేవారు, పొద్దున్నే నడకకు బయలుదేరే నాబోటి విశ్రాంత ఉద్యోగులు అందరూ ఆ దారినే వాడుతూ వచ్చాము. ఆటగాళ్ల కర్రల సంచులు మోసే అక్కడి కేడీలు అప్పుడప్పుడు ‘ఇటు రావొద్దు సార్, బంతి తగుల్తది’ అని చెబుతూనే ఉండేవారు. వారిలో ఒకాయనను నేను ఒకసారి ‘ఈ గుట్టలేమైనా మీ జాగీరా?’ అని ఎదురు ప్రశ్నించిన సంగతి కూడా ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ మాట ఎవరితో అన్నానో అప్పట్లో గుర్తు పెట్టుకోలేదు, ఆయన మాత్రం మరిచిపోలేదని ఆసుపత్రిలో తెలిసింది.

పతంగుల రోజుల్లో హైదరాబాదు పిల్లలకు కాళ్ల కింద నేల కనబడదు. మా వాడు ఉండేది వరంగల్‌లోనే అయినా ఇక్కడికి రాగానే ఈ ఊరి పిల్లలలో కలిసిపోతాడు. ఆ ఉదయం మా మేడ మీది నుంచి ఒక ఎర్ర పతంగి తెగి గోడ అవతలికి వాలుతుంటే, వాడు మెట్లు దిగి, సందులోంచి దూరి, మెడ వెనక్కి వంచి ఆకాశాన్నే చూస్తూ పరుగెత్తాడు. వాణ్ణి పిలుస్తూ నేనూ వెనకే వెళ్లాను. ఎప్పుడూ నడిచే కాలిబాట దాటి, పొట్టిగా కత్తిరించిన గడ్డి మీదికి ఇద్దరమూ వచ్చేశాము. దాన్ని ఫెయిర్‌వే అంటారని, ఆట జరుగుతున్నప్పుడు బయటివారు అడుగు పెట్టకూడని చోటు అదేనని నాకు తరువాత చెప్పారు.

సరిగ్గా అప్పుడే బండరాళ్ల వెనుక నుంచి ‘ఫోర్’ అని ఒక కేక వినబడింది. ఉప్పల్ స్టేడియంలోనూ టీవీ ముందూ కూర్చుని నా జీవితంలో ఆ మాటను కొన్ని వేలసార్లు విని ఉంటాను. ఆ మాట వినగానే మనలో ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, బంతి ఎక్కడుందా అని తలెత్తి చూశాను. గోల్ఫ్‌లో ఆ కేకకు అర్థం పూర్తిగా వేరు. ముందున్నవారు జాగ్రత్త పడాలని, ఆ బంతి మీ వైపే వస్తున్నదని దాని భావం. ఆ మాట వినగానే తల దించుకోవలసిన చోట ముఖం పైకెత్తి నిలబడ్డాను. క్రికెట్ పిచ్చి ఉన్న ఊరిలో ఈ పొరపాటు నా ఒక్కడితో ఆగుతుందని నేను అనుకోవడం లేదు.

నాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఒక కేడీ మా వాణ్ణి నడుము దగ్గర పట్టి లాగి, ఒక బండ చాటున పడేసి, వాడి మీద తాను వంగి, నా వైపు తిరిగి ‘కూసో సార్! నెత్తి మీద చెయ్యి పెట్టుకో! కూసో!’ అని గొంతు చిరిగేలా అరిచారు. ఆ కేక నాకు అర్థమైంది. మోకాళ్లు సగం వంగాయి, ఎడమ చేయి తల పక్కకు వచ్చింది, మరుక్షణమే ముంజేతి మీద ఇనుప గుండు పడినట్లయింది. పురాణంలో భస్మాసురుడు తన నెత్తిన చేయి పెట్టుకుని బూడిదయ్యాడు, నేను పెట్టుకుని బతికాను.

గోల్ఫ్ బంతి చూడడానికి నిమ్మకాయంత ఉంటుంది. దాని బరువు 45.93 గ్రాములకు మించకూడదని నియమం, అంటే క్రికెట్ బంతిలో మూడో వంతు కూడా ఉండదు. కానీ టీ అనే చిన్న మేకు మీద నిలిపి, డ్రైవర్ అనే పొడవాటి కర్రతో గట్టిగా కొట్టినప్పుడు అది గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో బయలుదేరగలదు. గాలిలో ఉండేది ఐదారు సెకన్లు. నూట డెబ్బై మీటర్ల దూరం నుంచి వచ్చే కేక మన చెవిని చేరడానికే అర సెకను పడుతుంది. బంతి దారి తప్పిందని ఆటగాడు గ్రహించి అరవడానికి పట్టే సమయం కూడా తీసేస్తే, నడిచేవాడికి మిగిలేది రెండు మూడు సెకన్లే. 2018లో పారిస్ దగ్గర జరిగిన రైడర్ కప్ అనే గోల్ఫ్ పోటీలో అమెరికా ఆటగాడు బ్రూక్స్ కెప్కా కొట్టిన బంతి తగిలి ఒక ప్రేక్షకురాలు కుడి కంటి చూపు పోగొట్టుకున్నారు. అంతటి ఆటగాడి బంతి కూడా గురి తప్పుతుందని, డబ్బు పెట్టి చూడడానికి వచ్చినవారికి కూడా తప్పించుకునే సమయం దొరకలేదని తెలిశాక, పతంగి వెంట పరుగెత్తిన మేము ఏ లెక్కలోకి వస్తామో ఊహించుకోవచ్చు.

మమ్మల్ని కాపాడిన కేడీ ఆ రోజు చేస్తున్న పని ముందు నిలబడి బంతి ఎక్కడ పడుతుందో చూడడం. ఇంగ్లీషులో ఫోర్‌కేడీ అనే ఆ మనిషిని మన దేశపు పాత మైదానాల్లో ‘ఆగేవాలా’, అంటే హిందీలో ముందుండేవాడు, అని పిలుస్తారు. కలకత్తాలో 1829 నుంచే గోల్ఫ్ క్లబ్ ఉన్నది కనుక ఈ ఆటకు మన మాటలు కూడా అంటుకున్నాయి. ‘ఫోర్’ అన్న హెచ్చరిక ఆ ఫోర్‌కేడీ అన్న మాట నుంచే వచ్చిందని ఒక వాదన ఉన్నది. అది నిజమో కాదో భాషావేత్తలు తేల్చుకోవాలి గాని, నా మట్టుకు ఆ కేకకు అర్థం చెప్పింది ఆగేవాలాయే. ఆసుపత్రిలో నేను చేతులు జోడించబోతే, ఒక చేయి లేవలేదు, ఆయన నవ్వి ‘జాగీరు మాది కాదు సార్, ప్రాణం మాత్రం మీదే’ అన్నారు. ఆయనకు ఆ రోజు క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

రెండవ వందనం వెనుక జట్టులో ఆడుతున్న వైద్యురాలికి. ఆమె వచ్చేసరికి నా ముంజేతి మీద ఎర్రగా ఒక గుండ్రటి అచ్చు పడి ఉన్నది, అందులో బంతి మీది చిన్న చిన్న గుంటల జాడ తేనెపట్టు గళ్లలాగా స్పష్టంగా కనబడుతున్నది. ఆమె మొదట నా గడియారం, ఉంగరం తీయించారు. వాపు పెరిగాక ఉంగరాన్ని కోసి తీయవలసి వస్తుందని చెప్పి, మంచినీళ్ల బాటిల్ నీళ్లతో వేలు తడిపి, మెల్లగా తిప్పుతూ తీశారు. తరువాత నా గోళ్లను ఒక్కొక్కటిగా నొక్కి వదిలి, తెల్లబడినచోట మళ్లీ ఎరుపు ఎంత త్వరగా వస్తున్నదో చూశారు. అట్టపెట్టె చింపి రెండు ముక్కలు చేతికి అటూ ఇటూ పెట్టి, కేడీ భుజాన ఉన్న ఆకుపచ్చ తువాలుతో కట్టి మెడకు వేలాడదీశారు. చేతి వెనుక ఉన్న తలకు కూడా కొంత దెబ్బ తగిలింది కనుక ఇవాళ ఏ వారం, మీ మనవడి పేరేమిటి అని మాటిమాటికీ అడుగుతూ, వాంతి వచ్చినా మత్తుగా ఉన్నా దాచవద్దని హెచ్చరించారు. ఆసుపత్రిలో తీసిన స్కానింగులో తలకు ఏమీ కాలేదని తేలింది. విరిగినది ముంజేతి ఎముక ఒక్కటే. ఆ చేయి అక్కడ లేకపోతే దెబ్బ కణత మీద పడేదని ఆమె అన్నప్పుడు నా భార్య పక్కనే ఉన్నది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరూ తిరిగి ఎత్తడం లేదు.

టీ బండి నడిపే అమ్మకు మూడవ వందనం. భయంతో మాట పడిపోయిన మా వాణ్ణి ఆమె తన ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచి తినిపించి, మా అమ్మాయి వచ్చేవరకు బేరం మానేసి కూర్చున్నారు. పండుగ పూట ఉదయం బేరం అంటే ఏమిటో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవ వ్యక్తి ఆ బంతి కొట్టిన ఆటగాడు. దాదాపు మా అబ్బాయి వయసు ఉంటుంది. గోల్ఫ్ నియమాల ప్రకారం, కదులుతున్న బంతి పొరపాటున మనిషికి తగిలితే ఎవరికీ పెనాల్టీ లేదు, బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలి. ఆ నియమాన్ని ఆయనే నాకు చెప్పారు గాని, ఆ రోజు మాత్రం బంతి వైపు చూడనైనా చూడకుండా పరుగెత్తుకు వచ్చి, ఆట వదిలి, తన కారులో నన్ను ఆసుపత్రికి చేర్చి, చీకటి పడేవరకు బయట బెంచీ మీద కూర్చున్నారు. కొట్టేటప్పుడు తన ముందు ఎవరూ లేరని ఆయన అన్నది నిజం. మేము బండల చాటు నుంచి వచ్చాము, బంతి కుడికి వంకర తిరిగింది, ఆ రెండూ ఒకచోట కలిశాయి.

కోర్టు కార్యాలయంలో ముప్పై ఏళ్లు పని చేసినవాణ్ణి కనుక, పరామర్శకు వచ్చినవారిలో కొందరు కేసు ఎందుకు వేయలేదని అడిగారు. ఇంగ్లండులో 1922లో తేలిన ఒక ప్రసిద్ధ వ్యాజ్యం ఉన్నది. రోడ్డు మీద పోతున్న టాక్సీ అద్దానికి పక్క మైదానం నుంచి వచ్చిన గోల్ఫ్ బంతి తగిలి డ్రైవరు కన్ను పోయింది, క్లబ్బూ ఆటగాడూ బాధ్యులని కోర్టు తేల్చింది. కానీ ఆ డ్రైవరు అందరి రోడ్డు మీద ఉన్నాడు. నేను కూలిన గోడ దూరి ఆట మధ్యకు వెళ్లాను. కాలనీలో ‘కావాలని కొట్టాడట’ అని తిరుగుతున్న మాట పూర్తిగా అబద్ధం, దయచేసి దాన్ని ముందుకు పంపవద్దు.

వారం తరువాత ఆ బంతి కొట్టిన అబ్బాయి మా ఇంటికి వచ్చినప్పుడు, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం గురించి చెప్పారు. గోల్ఫ్‌లో ఒక్కో గుంత వరకు ఆడే భాగాన్ని హోల్ అంటారు, అక్కడ మొదటి హోల్, చివరి హోల్ మీదుగా అందరూ నడిచే దారి ఒకటి అడ్డంగా పోతుందట, జనం దాటేవరకు ఆటగాళ్లు ఆగుతారట, ఆదివారం ఆట ఆపేసి మైదానాన్ని షికారుకు వదిలేస్తారట. వినడానికి బాగుంది. అయితే అక్కడ నడిచేవారికి ఆట తెలుసు, ఆడేవారికి నడిచేవారు తెలుసు. మన ఊరిలో గోల్కొండ నయా కిలాలోనే చూడండి, గోల్ఫ్ మైదానం పక్కనే హతియాన్ కా ఝాడ్ అనే ఆఫ్రికా మహావృక్షం ఉన్నది. ఆ మానును చూడడానికి వెళ్లేవారిలో ‘ఫోర్’ అంటే ఏమిటో ఎంతమందికి తెలిసి ఉంటుంది? గోడకు ఇటువైపు తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు పెడితే బాగుంటుందని నేను అంటే, ఆయన మైదానం వారితో మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా. బోర్డులో ఏమి రాయాలో నన్నే అడిగారు. ‘ఫోర్ అని వినబడితే పైకి చూడకండి. కేక వచ్చిన వైపు వీపు పెట్టి, కింద కూర్చుని, రెండు చేతులతో తల కప్పుకోండి’ అని రాసి ఇచ్చాను. రెండు చేతులతో అన్న మాట కింద గీత గీశాను.

కూలిన గోడను మొన్న ఆదివారం కట్టేశారు. దారి దూరమైందని మనవారు కొందరు గొణుగుతున్నారు, నాకూ దూరమే. మా వాడు సెలవులు ముగిసి వరంగల్ వెళ్తూ ఆ బంతిని తన సంచిలో వేసుకున్నాడు. అది ఎప్పుడు తీసి జేబులో వేసుకున్నాడో మాలో ఎవరికీ తెలియదు. ఆటగాడికి ఫోను చేసి చెబితే, ఉంచుకోనివ్వండి అన్నారు.

కేడీ గారి ఆకుపచ్చ తువాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. సంచికి తగిలించుకునే కొక్కెం కూడా దానికే ఉన్నది. మా ఆవిడ ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టింది. కట్టు విప్పడానికి ఇంకా నాలుగు వారాలు పడుతుందంటున్నారు గాని అంతవరకు ఆగలేను. వచ్చే ఆదివారం గేటు వైపు నుంచి, కాపలావారిని అడిగి, లోపలికి వెళ్లి ఆయనకు ఇచ్చి వస్తాను.