పాముకాటు రోజుల్లో మా పీహెచ్‌సీకి తోడు నిలిచిన వాళ్లకు

నాట్లు పడ్డప్పటి నుంచి కోతల దాకా మా పీహెచ్‌సీకి పాముకాటు కేసులు ఆగవు. ఈ ఏడు చెయ్యందించిన వాళ్లందరికీ సిబ్బంది తరఫున కృతజ్ఞతలు. ఎవరి సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో చెప్పకపోతే అది పైపై మాటే అవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు, గాజు టెస్ట్‌ట్యూబుల పెట్టె తెచ్చిచ్చిన మెడికల్ షాపు అన్నకు. రక్తపింజర, చిన్నపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది తేల్చుకోవడానికి 2 మి.లీ. రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. నీళ్లలా జారిందా, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాల్సిందే. ప్లాస్టిక్ ట్యూబులోనో, సబ్బునీళ్లతో కడిగిన ట్యూబులోనో పోస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు విషమెక్కని మనిషికి మందెక్కించేస్తాం. మధ్యమధ్యలో ఎత్తి చూసినా పరీక్ష చెడినట్టే. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి పంపకూడదు, 24 గంటలు ఉంచుకుని మళ్లీ మళ్లీ చూడాలి.

అర్ధరాత్రి కూడా ఫోనెత్తిన జిల్లా ఆసుపత్రి ఫిజీషియన్ గారికి. మోతాదు దగ్గర మా తడబాటు పోగొట్టింది ఆయనే. మొదటి విడత ఏఎస్‌వీ 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). ఒక్కోదాన్ని 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌తో మెల్లగా తిప్పుతూ కరిగించాలి, గట్టిగా ఊపితే నురగ కడుతుంది. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. పిల్లలకూ అన్నే వయల్స్. చిన్నవాడు కదా అని పాము విషం తగ్గించి వదలదు! సెలైన్ మాత్రం బరువును బట్టి తగ్గించుకోవాలి. టెస్ట్ డోసు దండగ, రియాక్షన్ వస్తుందో రాదో అది చెప్పలేదు. దాని బదులు డ్రిప్ పెట్టకముందే రియాక్షన్‌కు ఇచ్చే అడ్రినలిన్ సిరంజిలోకి లాగి పక్కన పెట్టుకోవాలి. దద్దుర్లు, వణుకు, ఆయాసం కనిపించగానే డ్రిప్ ఆపి తొడ కండకు ఇవ్వాలి. పెద్దలకు 0.5 మి.గ్రా., పిల్లలకు కేజీకి 0.01 మి.గ్రా.

108 అంబులెన్సులో రోగిని చూసుకునే ఈఎంటీకి, దాన్ని నడిపే పైలట్‌కు. కట్లపాము సంగతి వేరు. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. వాపుండదు, నొప్పీ అంతగా తెలియదు. తెల్లారి కడుపునొప్పంటూ వస్తారు. కనురెప్పలు వాలుతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. నాగుపాము కాటుకు పనిచేసే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌కు ఇది చాలాసార్లు లొంగదు. ఈ విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది గనుక ఏఎస్‌వీ ఎక్కినా ఊపిరి వెంటనే తిరిగి రాదు. వెంటిలేటరున్న చోటికి చేరేదాకా ఆంబు బ్యాగ్ (చేత్తో ఊపిరందించే సంచి) నొక్కుతూనే ఉండాలి. ఆ పని వాళ్లు చేశారు.

పాముమంత్రం వేసే తాతగారికి ప్రత్యేకంగా నమస్కారం. ఇప్పుడాయన గుమ్మంలోకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టకుండా నేరుగా ఇక్కడికే పంపుతున్నారు. మేం ఎన్ని పోస్టర్లు అంటించినా అంతమంది వినేవారు కాదు. ఆశా కార్యకర్తలు చెప్పింది కూడా జనం పట్టించుకున్నారు: తాడుతో బిగించి కట్టకుండా, కోసి పసరు పుయ్యకుండా, మెట్టెలు, ఉంగరాలు, గాజులు తీసేసి, కాలికి బద్ద కట్టి కదపకుండా తెచ్చారు. ఎవరైనా గట్టిగా కట్టేసే తెస్తే దాన్ని దారిలో విప్పకండి. ఇక్కడ మందు సిద్ధం చేసుకున్నాకే విప్పాలి. పామును చంపి సంచిలో తేవద్దు, చచ్చిన పాము కూడా కాటేయగలదు.

మమ్మల్ని ఎన్నడూ చూడని, పాములు పట్టే ఇరుల తెగ వాళ్లకూ రుణపడి ఉన్నాం. 1978లో తమిళనాడులో వాళ్లు పెట్టుకున్న సహకార సంఘం నుంచే మన దేశంలో ఏఎస్‌వీ తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం వస్తోంది.

ఇంకేమైనా కావాలా అని అడుగుతున్న వాళ్లకు: ట్యూబులు సరిపడా ఉన్నాయి. ఆంబు బ్యాగ్‌కు పిల్లల సైజు మాస్కులు తక్కువగా ఉన్నాయి.