ఇంటర్ రెండేళ్ళూ మా పిల్లల కాళ్ళు కట్టేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి వారం మీ జిల్లా పేజీలో అడుగున నాలుగు వరుసల వార్త ఒకటి వేశారు. అండర్-16 బాలికల లాంగ్ జంప్‌లో మొదటి స్థానం మా మండలం అమ్మాయికి వచ్చిందని. ఆ అమ్మాయి మా రెండో పాప. ఆ ముక్క కత్తిరించి కుట్టుమిషన్ పక్కన గోడకి అంటించాను. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ చూపించాను. ఆ సంతోషం వారం కూడా నిలవలేదండి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కొబ్బరికాయల దింపుకీ వలుపుకీ వెళతారు. నేను బట్టలు కుడతాను. పాప మొన్న మార్చిలో పది పరీక్షలు రాసింది. 486 మార్కులు వచ్చాయి. లాంగ్ జంప్ 5 మీటర్ల 12 సెంటీమీటర్లు దూకుతుంది. ఇంటర్ సీటు కోసం మూడు కాలేజీలు తిరిగాం. మార్కులు ఎన్నని అన్ని చోట్లా అడిగారు. జంప్ సంగతి మేమే చెప్పుకున్నాం.

ఒక కాలేజీలో "గ్రౌండ్ ఎక్కడండీ?" అని అడిగితే బస్సులు నిలిపే చోటు చూపించారు. ఇంకో చోట స్టడీ అవర్ ఉదయం ఆరింటికి మొదలైతే రాత్రి తొమ్మిదిన్నరకి గానీ వదలరట. పోటీలకి పంపిస్తారా అంటే అక్కడి పెద్దాయన, "రెండేళ్ళే కదమ్మా, ఈ రెండేళ్ళూ ఆపేయమనండి. ఇంజినీరింగ్‌లో చేరాక హాయిగా ఆడుకుంటుంది" అన్నారు. మర్యాదగానే అన్నారు, మా మంచి కోరే అన్నారు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరుగు, జంప్ అనేవి ఆపేసి మళ్ళీ ఎప్పుడో మొదలుపెట్టే పనులు కావండి. పదహారు నుంచి పద్దెనిమిది ఏళ్ళ మధ్యే కాళ్ళకి బలం, అడుగుకి లెక్క కుదిరేది. మన దేశపు శైలీ సింగ్ 2021లో నైరోబీలో అండర్-20 ప్రపంచ పోటీల్లో 6.59 మీటర్లు దూకి వెండి పతకం తెచ్చింది. బంగారం వచ్చిన అమ్మాయి దూకింది 6.60. ఒక్క సెంటీమీటరు తేడా. అప్పటికి శైలీకి పదిహేడేళ్ళు, మన లెక్కలో ఇంటర్ చదివే వయసు. వాళ్ళమ్మ ఝాన్సీలో నాలాగే బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. పిల్లకి పద్నాలుగేళ్ళ వయసులోనే బెంగుళూరులో ఒకప్పటి లాంగ్ జంప్ క్రీడాకారిణి అంజూ బాబీ జార్జ్ దగ్గరికి ట్రైనింగ్‌కి పంపించింది. ఈ సంగతి చదివిన రోజు మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ తల్లికి ఎంత గుండె ధైర్యం కావాలి!

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి మీ పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లోనూ ఆసుపత్రిలోనూ పని చేసేది. స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆ పిల్ల పొడుగు చూసి హర్డిల్స్‌లో, అంటే అడ్డంకుల మీంచి దూకుతూ పరిగెత్తే పందెంలో, పెట్టారు. 2016లో, పదహారు పదిహేడేళ్ళ వయసులో, హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ క్రీడా సంస్థ సాయ్ వారి సెంటర్‌లో చేరింది. ఆ వయసులో ఎవరైనా "రెండేళ్ళు ఆపేయమ్మా" అని ఉంటే 2023లో బ్యాంకాక్‌లో ఆసియా బంగారం, హాంగ్‌జౌలో ఆసియా క్రీడల వెండి మనకి వచ్చేవి కావు. 2025 జులైలో వంద మీటర్లు 10.18 సెకన్లలో పరిగెత్తి అప్పటికి జాతీయ రికార్డు పెట్టిన అనిమేష్ కుజూర్ అయితే స్కూల్లో ఉన్నంతకాలం ఫుట్‌బాల్ ఆడిన కుర్రాడు. పరుగు పందేలకి వచ్చిందే పద్దెనిమిదేళ్ళప్పుడు. స్కూల్లో ఆట ఆగలేదు కాబట్టే అంత ఆలస్యంగా వచ్చినా అంత దూరం వెళ్ళగలిగాడు.

నా సంగతి కూడా చెప్పాలి. 1996 అక్టోబరులో నేను పదో తరగతి. కాకినాడలో అప్పటి తూర్పుగోదావరి జిల్లా స్కూలు పోటీల్లో వట్టి కాళ్ళతో 4.71 మీటర్లు దూకి రెండో స్థానం తెచ్చుకున్నాను. రాష్ట్ర పోటీలకి పేరు కూడా రాసుకున్నారు. నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్ళకి ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. తెల్లారి చూస్తే మా నాన్న అరవై కొబ్బరిచెట్లలో తొమ్మిది నిలబడి ఉన్నాయి. ఆ పైన నా చదువూ లేదు, జంపూ లేదు. దానికి నేను ఎవరినీ తప్పు పట్టను. గాలికి ఎవరేం చేస్తారు? కానీ ఇప్పుడు మా పాపకి ఏ తుఫాను వచ్చిందండీ?

పాప దూకే గుంట గురించి కాస్త రాస్తాను. ఎవరూ చూసి ఉండరు కాబట్టి.

మా హైస్కూలు వెనక ప్రహరీ పక్కన ఉంటుంది. నాలుగేళ్ళ కిందట పి.ఇ.టి. మాస్టారు ఊళ్ళో పెద్దల్ని అడిగి రెండు ట్రాక్టర్ల లంక ఇసుక వేయించారు. మాది బంకనేల కదా, వాన పడితే కింద నీరు ఊరి ఇసుక గట్టిపడిపోతుంది. అందుకని దూకే ముందు ప్రతిసారీ పారతో అడుగు లోతు తిరగెయ్యాలి. ఆ పని పాప, దాని స్నేహితురాళ్ళు ఇద్దరూ చేసుకుంటారు. బోర్డు బదులు తాటిదూలం ముక్క పాతి, సున్నం పూశారు. అసలు బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు, మాస్టారు కూడా సరిగ్గా అంతే కొలిచి చెక్కించారు. పాప అక్కణ్ణుంచి వెనక్కి పదహారు అంగల పరుగు లెక్కపెట్టుకుని ఇటుకముక్క పెట్టుకుంటుంది. రెండు మూడుసార్లు దూలం దాకా పరిగెత్తి చూసుకుని, ఇటుకని జానెడు ముందుకో వెనక్కో జరుపుతుంది. గాలి ఎదురైతే ముందుకి, వెనక నుంచి వీస్తే వెనక్కి. మా పాపకి ఇంత పనితనం ఎప్పుడు వచ్చిందా అని నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. దూకాక మాస్టారు ఇసుకలో దూలానికి దగ్గరగా పడ్డ గుర్తు వెతుకుతారు. అది మడమ గుర్తయినా సరే, వెనక్కి ఆనిన చెయ్యి గుర్తయినా సరే, అక్కణ్ణుంచే కొలత. చెయ్యి వెనక్కి ఆనించి ఒక్క దూకుడులో ముప్ఫై సెంటీమీటర్లు పోగొట్టుకున్న రోజు పాప అన్నం తినలేదు.

జులై నుంచి అక్టోబరు దాకా గ్రౌండ్ అంతా నీళ్ళే. అప్పుడు కాలువ గట్టు మీద సిమెంటు రోడ్డులో పరుగు. దానివల్ల మోకాళ్ళ కింద ఎముక నొప్పి వస్తుందని మాస్టారు వద్దంటారు, కానీ వేరే దారి లేదు. ఆదివారాలు మా ఆయన బండి మీద అంతర్వేది తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పరిగెత్తిస్తారు. ఈ కాళ్ళు ఎంత జాగ్రత్తగా చూసుకోవాల్సినవో పెద్ద ఆటగాళ్ళని చూస్తే తెలుస్తుంది. 8.41 మీటర్లు దూకిన శ్రీశంకర్ 2024 ఏప్రిల్‌లో మోకాలు దెబ్బతిని పారిస్ ఒలింపిక్స్‌కే వెళ్ళలేకపోయాడు. జ్యోతికి 2025లో మోకాలికి ఆపరేషన్ అయ్యింది. వాళ్ళకి డాక్టర్లు, ఫిజియోలు పక్కనే ఉన్నారు. మా పిల్లలకి ఉన్నది ఆ మాస్టారు ఒక్కరే. పది అయిపోగానే ఆయన కూడా ఉండరు. హైస్కూలు గేటు దాటితే ఆ గుంట కూడా మాది కాదు.

మాస్టారు లేకపోతే ఏమవుతుందో పోయిన ఏడాది తెలిసింది. ఇక్కడ చేతి వాచీతో పాప వంద మీటర్లు 13.1 సెకన్లు. గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి పరిగెత్తితే కరెంటు వాచీలో 13.46 వచ్చింది. "నేను మెల్లగా అయిపోయానమ్మా, ఇంక పరిగెత్తను" అని ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారే కూర్చోబెట్టి చెప్పారు. ఇక్కడ పరుగు మొదలుపెట్టడానికి కొట్టే చెక్కల చప్పుడయ్యాక తన బొటనవేలు వాచీ నొక్కేలోపు పాప మొదటి అడుగు వేసేస్తుందని, అందుకే చేతి వాచీ టైముకి పావు సెకను దాకా కలిపి చూసుకోవాలని, కొత్త ట్రాక్ మీద టెన్షన్‌లో మిగతా తేడా వచ్చిందని. ఆ నాలుగు మాటలు చెప్పే మనిషి లేకపోతే ఆ రోజే ఆగిపోయేది. పదహారేళ్ళ పిల్లకి కావలసినది బూట్ల కంటే ముందు ఆ మనిషి.

కొలత సరిగ్గా లేకపోతే ఎంత పెద్దవాళ్ళ కష్టమైనా లెక్కలోకి రాదు. జ్యోతి 2020లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తితే, ఆ పోటీలో తనకి డోప్ పరీక్ష (నిషేధించిన మందులు వాడారేమో చూసే పరీక్ష) జరగలేదని జాతీయ రికార్డుగా తీసుకోలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తితే వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు ఉంది. 2.0 దాటితే ఒప్పుకోరు. తర్వాత నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తితేనే, 2002 నుంచి ఉన్న అనురాధా బిస్వాల్ 13.38 రికార్డు పోయింది. అంత ఓర్పు ఉండాలంటే చిన్నప్పటి నుంచే లెక్క ప్రకారం ఆడటం అలవాటు కావాలి.

పట్టించుకునేవాళ్ళు లేని పిల్లలు వేరే దారి కూడా పడతారండి. జిమ్ములో ఎవరో ఇచ్చిన పొడి తాగే కుర్రాళ్ళని మా చుట్టుపక్కలే చూస్తున్నాను. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకి డోప్ పరీక్ష వాళ్ళు వచ్చారని తెలిసి, వంద మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరిగెత్తాడు. మిగతావాళ్ళంతా మాయం. అది చదివి కడుపు తరుక్కుపోయింది. వాళ్ళూ ఎవరో తల్లుల పిల్లలే కదా.

ఇక ఉద్యోగాల మాట. రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచడం చాలా మంచి పని. కానీ ఆ కోటాలో నిలబడాలంటే జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఉండాలి. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్‌కి ఫారం-4 అంటారు. అండర్-19 స్కూల్ గేమ్స్‌కి వెళ్ళాల్సింది ఇంటర్ పిల్లలే, ఎంట్రీ మీద కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆ సంతకం పెట్టని కాలేజీలో చేరిన పిల్లకి కోటా 3 శాతమైనా 30 శాతమైనా ఒకటే. నేను మా పాప చదువు మానేసి ఆడాలని కోరడం లేదు. 486 మార్కులు కూడా ఆ కాళ్ళతో తిరిగిన పిల్లే తెచ్చుకుంది.

మన గోదావరి జిల్లాల పిల్లలకి సత్తా లేక కాదు. పశ్చిమ గోదావరి అమ్మాయి సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4x400 రిలే ఫైనల్లో పరిగెత్తింది. ఆ జట్టు హీట్స్‌లో 3 నిమిషాల 26.89 సెకన్లతో జాతీయ రికార్డు పెట్టి, ఫైనల్ దాకా వెళ్ళింది. ఇప్పటి పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? మా పాపకి నేను చెబితేనే తెలిసింది.

అధికారులకి నా మనవి ఒక్కటే. ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఒక ఫిజికల్ డైరెక్టర్ని వేయండి. అన్ని చోట్లా వెంటనే వేయలేకపోతే, ఇంటర్ పిల్లలు పాత హైస్కూలు గ్రౌండ్‌కి వచ్చి పాత మాస్టారి దగ్గరే నేర్చుకునేలా ఒక ఆర్డరు ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మాస్టారు ఒప్పుకున్నా, బయటి పిల్లలకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదని పైవాళ్ళు అడుగుతారని ఆయన భయం. ప్రైవేటు కాలేజీలు కూడా పోటీలకి వెళ్ళిన రోజులు హాజరు వేయాలి, ఎంట్రీ మీద సంతకం పెట్టాలి.

మూడు కాలేజీలు తిరిగాక పాపని మా పక్క మండలం ప్రభుత్వ కాలేజీలో చేర్చాం. అక్కడ గ్రౌండ్ ఉంది, మాస్టారు లేరు. గ్రౌండ్‌లో ఒక మూల గుంట తవ్వుకోవడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం మా ఆయన, ఇంకో నలుగురు తండ్రులు కలిసి తవ్వుతున్నారు. ఇసుకకి చందాలు వేసుకున్నాం. తాటిదూలం ముక్క మా అన్నయ్య ఇస్తానన్నాడు. యాభై మీటర్ల టేపు నేను కొన్నాను. దాని రెండో కొస పట్టుకుని, ఇదిగో ఇక్కణ్ణుంచి కొలవాలి అని చెప్పే మాస్టారిని ఒక్కరిని పంపించండి.

ఇట్లు,
ఒక తల్లి,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా
(పాప కాలేజీలో ఇబ్బంది పడకూడదని పేరు రాయడం లేదు. మన్నించండి.)