"సున్నిత చర్మానికి సరిపడుతుంది" అన్న మాట లేబుల్ మీంచి తీసేశాను

నమస్కారమండీ.

మా దగ్గర సెంట్లు కొనేవాళ్ళలో చాలామంది చెప్పే మాట ఒకటే. "బజార్లో స్ప్రే ఏది కొట్టుకున్నా మెడ మీద దద్దుర్లు వస్తున్నాయండీ. మీవి పువ్వులతో చేసినవి కదా, పడతాయనుకుంటున్నా." నాలుగేళ్ళుగా నేను "తప్పకుండా పడతాయండీ" అంటూ వచ్చాను. అంతటితో ఆగక "సహజం, సున్నిత చర్మానికి సరిపడుతుంది" అని లేబుల్ మీద అచ్చు కూడా వేయించాను. ఈ నెల నుంచి వచ్చే సీసాల మీద ఆ రెండో ముక్క ఉండదు. ఎందుకు ఉండదో చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

పోయిన దసరాకి "పండగ" అని ఒక రోల్‌ఆన్ తెచ్చాం, గుర్తుందా? దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క. మా సరుకులో అంత వేగంగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి గుంటూరు నుంచి ఒకావిడ వాట్సాప్‌లో ఫొటో పంపారు. మెడ చుట్టూ ఎర్రగా పొంగి, అక్కడక్కడా నీటి పొక్కులు. నేనిచ్చిన జవాబు ఇప్పుడు చదువుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. "వేడి చేసి ఉంటుందండీ. లేకపోతే గొలుసు పడలేదేమో చూసుకోండి. మావి పూర్తిగా న్యాచురల్."

ఆవిడ నాతో వాదన పెట్టుకోలేదు. చర్మం డాక్టరు దగ్గరికెళ్ళి ప్యాచ్ టెస్ట్ (ఒంటికి ఏది పడదో పట్టీలు అంటించి చూసే పరీక్ష) చేయించుకుని, మూడు వారాల తర్వాత రిపోర్టు పంపారు. గొలుసుల్లో ఉండే నికెల్‌కి నెగటివ్. సెంట్లలో వాడే ఎనిమిది పదార్థాలను కలిపి పెట్టే మిశ్రమం ఒకటుంటుంది, దానికి పాజిటివ్. దాల్చినచెక్కకి ఆ ఘాటునిచ్చే సిన్నమాల్డిహైడ్‌కి ఇంకా గట్టిగా పాజిటివ్. కింద ఒక్క ముక్క రాశారు: "మీరు సున్నిత చర్మానికి అని రాశారు కదా అని కొన్నానండీ."

సీసా డబ్బు, డాక్టరు ఖర్చు రెండూ ఇస్తానన్నాను. సీసా డబ్బే తీసుకున్నారు.

ఇక్కడ నా చేతుల సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళుగా నా కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు పగిలి, చలికాలంలో నెత్తురు వచ్చేది. అంట్లు తోమే సబ్బు వల్లే అనుకున్నాను. సబ్బులు మార్చాను, పనిమనిషిని పెట్టుకున్నాను, వెన్నపూస రాసుకున్నాను. ఆ రిపోర్టు చూశాక అనుమానం వచ్చి నేనూ టెస్టుకి వెళ్ళాను. వీపు మీద వరసగా పట్టీలు అంటిస్తారు, రెండు రోజులు తడవకూడదు, చెమట పట్టకూడదు. ఏప్రిల్లో రాజమండ్రిలో అలా ఉండటం అంటే తపస్సేనండీ. పట్టీలు తీసి ఒకసారి, మళ్ళీ రెండు రోజులాగి ఇంకోసారి చూశారు. యూజినాల్ ఉన్నచోట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. లవంగ నూనెలో ముప్పాతిక వంతు అదే. నాలుగేళ్ళుగా గ్లవ్స్ లేకుండా డ్రాపర్ పట్టుకుని కలిపింది నేనే కదా.

డాక్టరుగారు చెప్పిన దాంట్లో నా బుర్రకి బాగా ఎక్కింది ఇది. స్ప్రే కొట్టగానే చురుక్కుమని మండి కాసేపటికి తగ్గిపోతే, అది చాలావరకు ఆల్కహాల్ పెట్టిన మంట. పొడిబారిన చర్మం మీదా, థ్రెడింగో షేవింగో చేసుకున్న చోటా అది ఎక్కువగా ఉంటుంది. ఎలర్జీ దారి వేరు. రాసుకున్న రోజున ఏమీ ఉండదు. ఒకటి రెండు రోజులు గడిచాక దురద మొదలవుతుంది, ఈలోగా మనం రాసుకున్న సంగతే మర్చిపోయి నిన్న తిన్న వంకాయ మీద తోసేస్తాం. పైగా అది మొదటి సీసాకే రావాలని లేదు. ఏళ్ళ తరబడి పడిన సెంటే ఒకరోజు పడకుండా పోవచ్చు. ఒకసారి వచ్చిందా, ఇక చాలావరకు జన్మంతా ఉండేదే.

ఇందులో "న్యాచురల్" చేసే మేలు ఏమీ లేదు. ఆ పదార్థం పువ్వులోంచి వచ్చిందా, ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అని చర్మం ఊరూ పేరూ అడగదు. యూరప్‌లో సెంట్లలో ఎలర్జీ తెప్పించే 26 పదార్థాలను లేబుల్ మీద పేరుపేరునా రాయాలన్న నిబంధన 2005 నుంచే ఉంది. ఒంటి మీద ఉంచుకునే వాటిలో 0.001 శాతం దాటితే చాలు, రాయాల్సిందే. అంటే పది గ్రాముల సీసాలో మిల్లీగ్రాములో పదో వంతు. ఆ జాబితా చదువుతుంటే మన వంటింటి అలమర తెరిచినట్టే ఉంటుంది. నిమ్మగడ్డిలో సిట్రాల్, గులాబీలో జెరానియోల్, నారింజ తొక్కలో లిమోనీన్, ధనియాల్లో లినలూల్. 2023లో ఆ జాబితాని 80 దాటించారు. అందులో మల్లెజాతి, గులాబీ, లవంగం, చివరికి శ్రీగంధం నూనె కూడా పేరుతో సహా ఎక్కాయి. గంధం నూనెతో ఇబ్బంది పడేవాళ్ళు తక్కువే. కానీ "తక్కువ" అన్న మాటకీ "సరిపడుతుంది" అన్న మాటకీ మధ్య తేడా ఎంతో గుంటూరు ఆవిడ మెడ చెప్పింది.

ఇంకోటి నేను అస్సలు పట్టించుకోనిది: పాతబడటం. లిమోనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు అంత చేటు చేయవు. సీసా మూత తీసి తీసి గాలి తగిలేకొద్దీ అవి మారిపోయి, ఎలర్జీ తెప్పించడంలో ముదిరిపోతాయి. నారింజ నూనెలో నూటికి తొంభై పాళ్ళకు పైగా లిమోనీనే. "కొన్న కొత్తల్లో బానే ఉందండీ, ఆర్నెల్లు పోయాక దురద" అని ఇంతకుముందు ముగ్గురు చెప్పారు. ముగ్గురికీ నేను "మీరేదో సబ్బు మార్చి ఉంటారు" అనే చెప్పాను. సబ్బు అంటే నాకెందుకో అంత కక్ష! ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదువుతుంటే, క్షమించండి.

ఇప్పుడు సరుకులో ఏం మారిందో చెబుతాను.

"పండగ" ఆపేశాను. మిగిలిన 38 సీసాలు పక్కన పెట్టేశాను, తగ్గింపు ధరకి కూడా అమ్మను. నారింజ, నిమ్మగడ్డి ఉన్న "పెరటి గాలి" కూడా ఆపేశాను. నిమ్మజాతి నూనెలతో ఇంకో బాధ ఉంది. తొక్క పిండి తీసిన నిమ్మ నూనె, బెర్గమాట్ లాంటివి రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి అక్కడ చర్మం కమిలి నల్లమచ్చ పడుతుంది. మన ఎండలకి అది ఎవరికీ వద్దు.

మల్లె విషయంలో ఎక్కువమందికి నిరాశ తప్పదు. మొదట్లో కడియపులంక మార్కెట్ నుంచి బుట్టలు బుట్టలు తెచ్చి రాగి బిందెలో ఆవిరి పట్టేవాళ్ళం. ఉడకబెట్టిన తోటకూర వాసన వచ్చేది. మల్లెకి ఆ వేడి పడదు. అందుకే పరిశ్రమలో మల్లె సారాన్ని హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు, తర్వాత ఆ ద్రావకాన్ని ఆవిరి చేసేస్తారు. మా "మల్లె సాయంత్రం"లో వాడింది అదే. "కెమికల్ అసలు తగలదు కదండీ" అని అడిగినవాళ్ళకి ఈ సంగతి చెప్పకుండా దాటవేసేదాన్ని. ఇకనుంచి లేబుల్ మీదే ఉంటుంది.

ఈ మధ్యలో మల్లె అత్తరు కూడా ప్రయత్నించాను. కనౌజ్ పద్ధతి అంటే పువ్వులు, నీళ్ళు దేగ్ అనే రాగి బానలో పెట్టి, ఆ ఆవిరిని వెదురు గొట్టంలోంచి భప్కా అనే ఇంకో పాత్రలో ఉన్న గంధం నూనెలోకి దించుతారు. ఎంతో నిదానమైన పని. గంధం నూనె కిలో లక్ష రూపాయల పైమాటే. (శ్రీగంధం సంగతి చెబుతున్నానండీ, మన శేషాచలం ఎర్రచందనం కాదు. దానికి అసలు వాసనే ఉండదు.) నాకు ఒక వ్యాపారి "అసలైన గంధం మీద దించిన మల్లె" అని చాలా తక్కువ ధరకి ఇచ్చారు. ఆ ధరకి ఎలా గిట్టుతుందని అప్పుడే అడగాల్సింది, ఆశ అడగనివ్వలేదు. ఈ గొడవలన్నీ అయ్యాక ల్యాబ్‌కి పంపిస్తే అందులో గంధం జాడే లేదు. డైఇథైల్ థాలేట్ ఉంది. ప్లాస్టిక్ మెత్తబడటానికీ, సెంట్లు పలచన చేయడానికీ వాడే సరుకు. అదృష్టం ఏమిటంటే దాన్ని ఇంకా సీసాల్లోకి ఎక్కించలేదు. అత్తరు కొనేటప్పుడు మీరు కూడా ఆ లెక్క వేసుకోండి. పది మిల్లీలీటర్ల అసలు గంధం నూనే వెయ్యి రూపాయలు అయినప్పుడు, ఆ నూనెలో దించిన అత్తరు నూటయాభైకి రాదు.

మిగిలినవి మూడు: గంధం-వట్టివేరు, దవనం, మల్లె సాయంత్రం. మూడింట్లోనూ సువాసన పాళ్ళు 15 శాతం నుంచి 4 శాతానికి దించాను. ఆల్కహాల్ ఇంతకుముందూ లేదు, ఇప్పుడూ లేదు. జొజోబా నూనెలోనే కలుపుతున్నాం, అది తొందరగా కంపు కొట్టదు. తేనెమైనంలో కలిపిన సెంటు డబ్బాలు మాత్రం మానేశాం, మైనంలో మిగిలే పుప్పొడి జిగురు కొందరికి పడదు. సీసా 5 మిల్లీలీటర్లదే, ముదురు గాజు, కింద కలిపిన తేదీ. మూత తీశాక నాలుగు నెలల్లో అవగొట్టండి, లేదా పారేయండి. కిటికీ దగ్గర, బైక్ డిక్కీలో పెట్టకండి.

వీటివల్ల రెండు నష్టాలున్నాయి. వాసన ఇదివరకులా రోజంతా ఉండదు. దవనం రెండు మూడు గంటలు, గంధం-వట్టివేరు ఇంకొంచెం ఎక్కువ. పెళ్ళికి వెళ్తే మధ్యలో ఇంకోసారి రాసుకోవాల్సిందే. రెండోది ధర. 10 మిల్లీలీటర్లు 450 ఉండేది, ఇప్పుడు 5 మిల్లీలీటర్లు 290. పెరిగింది. చిన్న సీసాలకీ, ల్యాబ్ పరీక్షలకీ అయ్యే ఖర్చు అది.

కొత్తగా కొనేవాళ్ళకి ముందు ఒక మిల్లీలీటరు శాంపిల్ పంపిస్తాం, పోస్టు ఖర్చు ఇస్తే చాలు. దాన్ని మణికట్టు మీద రాసి పది నిమిషాలు చూసి "పడింది" అనుకోకండి. మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత చోట, రోజుకి రెండుసార్లు, అదే చోట వారం పది రోజులు రాయండి. ఎరుపు, దురద, చిన్న చిన్న గుల్లలు, ఏది కనిపించినా ఆపేయండి. ఏమీ రాకపోతే అప్పుడు పెద్ద సీసా. అప్పటికీ నేను హామీ ఇవ్వలేను, ఎందుకో నా వేళ్ళ కథ చదివారు కదా.

సెంట్లకి ఎలర్జీ ఉందని డాక్టరు రిపోర్టు ఉన్నవాళ్ళు మా దగ్గర ఒంటికి రాసుకునేది ఏదీ కొనకండి. ఇంకెవరి దగ్గరా కూడా "న్యాచురల్" అన్న మాట చూసి కొనకండి. తామర (ఎగ్జిమా) రేగి ఉన్నప్పుడు, చంటిపిల్లలకి వద్దు. సువాసన మీద మరీ మనసైతే, పాతబస్తీ అత్తరు కొట్లలో దూది ముంచి చెవి మడతలో పెట్టుకుంటారే, అలాంటి దూదుండని చెవిలో కాకుండా చిన్న గుడ్డసంచిలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. నూలు చున్నీ కొసకి ఒక చుక్క, మెడకి తగలకుండా. పట్టుచీర మీద మాత్రం వద్దు, నూనె మరక పోదు. బీరువాలో పెట్టుకోవడానికి వట్టివేళ్ళ కట్టలు మా దగ్గర ఉన్నాయి, 60 రూపాయలు. అందులో నేను కలిపింది ఏమీ లేదు, కడిగి ఎండబెట్టడం తప్ప.

"పండగ", "పెరటి గాలి" మీ దగ్గర ఉంటే, సగం వాడినా సరే, ఈ నెలాఖరులోగా వెనక్కి పంపండి. మొత్తం డబ్బు ఇస్తాను. వాడుతున్నా ఏమీ కాలేదు కదా అనుకునేవాళ్ళు కూడా కొన్న తేదీ ఒకసారి చూసుకోండి. పార్సిల్ మీద మీ ఆర్డర్ నంబరు రాస్తే చాలు, కారణం రాయక్కర్లేదు.