పది కోళ్ళ ఇంటికి వంద కోళ్ళ సీసా

సంపాదకులకు నమస్కారం.

మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. ఎండలు మొదలయ్యాయంటే ఇక్కడ నాటుకోళ్ళు పెంచే ప్రతి ఇంట్లోనూ ఒకటే టెన్షన్, కొక్కెర తెగులు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడితే అధికారులు పరుగున వచ్చారు, చుట్టుపక్కల చికెన్ అంగళ్ళు మూయించారు. మంచి పనే చేశారు. మరి ఏటా మా ఊళ్ళలో గూళ్ళకు గూళ్ళు ఖాళీ చేసే కొక్కెర తెగులుకు అందులో సగమైనా హడావుడి ఎందుకు ఉండదు అనేదే నా బాధ.

ఈ తెగులు తగిలిన కోడి ముందు మేత మానేసి రెక్కలు వేలాడేసుకుని ఒక మూల నిలబడుతుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తుంది, కొన్నిటికి మెడ మెలితిరిగిపోతుంది. అప్పుడు మందు లేదు. ఎవరెన్ని నాటు వైద్యాలు చెప్పినా లేదు. ముందుగా టీకా వేయించడం ఒక్కటే దారి. పిల్లకు మొదటి వారంలో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద ఆర్‌టూబీ సూది వెయ్యాలి.

చిక్కంతా ఇక్కడే. మా వైపు దొరికే సీసా కనీసం వంద కోళ్ళకు సరిపోయేది. ఐసులో పెట్టి తేవాలి, ఒకసారి కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి, మిగిలింది పారబోయాల్సిందే. వేల కోళ్ళున్న ఫారాలకు ఇది లెక్కే కాదు. పదో పదిహేనో కోళ్ళున్న ఆడమనిషి ఒక్కతే బస్సెక్కి పోయి, ఆ సీసా తెచ్చి ఏం చేస్తుంది? ఆసుపత్రిలో అడిగితే ఊళ్ళో అందరి కోళ్ళూ ఒకచోట చేర్చండి, వస్తాం అంటారు. తెల్లారి గూడు తలుపు తీశాక కోడి ఎవరికి దొరుకుతుందండీ! దిబ్బల మీద, చేలల్లో ఉంటాయి. టీకా వేసేవాళ్ళు రావాల్సింది పొద్దు గూకాక, కోళ్ళు గూటికి చేరాక.

కోళ్ళంటే ఏముందిలే అనుకునే వాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆడది ఖర్చు పెట్టుకోగలిగిన డబ్బు మా దగ్గర కోడి డబ్బే, పిల్లల నోటుపుస్తకాలూ సంఘం కంతూ దాంట్లోంచే. డబ్బు ఒక్కటే కూడా కాదు. ఇరవై ఒక్క రోజులు మేతకు తప్ప లేవకుండా పొదిగిన పెట్ట పిల్లల్ని దింపుకుని వాకిట్లోకి వచ్చే రోజు చూడాలి, గింజ కనబడితే తాను తినకుండా ఒక రకంగా పిలుస్తుంది, పైన గద్ద నీడ ఆడితే ఇంకో రకంగా అరుస్తుంది, ఆ అరుపుకు పిల్లలన్నీ ఒక్క క్షణంలో రెక్కల కింద మాయం. వంటింట్లో ఉన్నా ఆ అరుపు వినగానే నేనూ కర్ర పట్టుకుని బయటికి ఉరుకుతాను. పిల్లి, ముంగిస, పాము, కుక్క, వీటన్నిటి నుంచీ కాచుకున్న పిల్లలు పెట్టలై గుడ్లకొచ్చే వేళకు తెగులు తగిలి వరసగా పడిపోతుంటే ఆ పూట అన్నం సయించదు.

మనవైపు నుంచీ తప్పు జరుగుతోంది, అదీ చెప్పాలి. జబ్బు కోడిని తక్కువకు సంతలో అమ్మేస్తున్నారు, చచ్చినదాన్ని కాలవలో విసిరేస్తున్నారు. దాంతో తెగులు పక్కూరికి పాకుతోంది. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. సంతలో కొన్న కోడిని వెంటనే మందలో కలపకుండా కొన్నాళ్ళు విడిగా కట్టెయ్యాలి.

పశుసంవర్ధక శాఖ వారిని కోరేది పెద్దదేమీ కాదు. ఎండలు ముదరకముందే, మాఘ మాసంలోనే, ఏ ఊరికి ఏ సాయంత్రం వస్తారో ముందుగా దండోరా వేయించండి. ఊరంతటికీ కలిపి సీసాలు తెస్తే ఒక్క చుక్కా వృథా కాదు. సూది మీవాళ్ళు వెయ్యండి, చుక్కలు వెయ్యడం మా పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఒక పూట నేర్పించండి, ఐసు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
నాటుకోళ్ళు పెంచే ఒక గృహిణి,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా